పేరు మాది, అప్పు నీది

ఆరు రూపాయల డెబ్బై ఎనిమిది పైసలు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే సర్కారు బడి పిల్లాడి మధ్యాహ్న భోజనానికి, బియ్యం కాకుండా, 2025 మే నుంచి కేంద్రం ఖరారు చేసిన ఖర్చు ఇది. ఇందులోనే పప్పు రావాలి. కూరగాయలు రావాలి. నూనె రావాలి. ఉప్పు, కారం, పోపు రావాలి. పొయ్యి కిందికి కట్టెలో గ్యాసో రావాలి. అంతకుముందు ఆరు రూపాయల పంతొమ్మిది పైసలే ఉండేది. అంటే ఒక్క దెబ్బకు 59 పైసలు పెంచేశారు! చప్పట్లేవీ?

పావలా బిళ్ల 2011లోనే రద్దయింది. పైసలు జనం జేబుల్లోంచి పోయి ఏళ్లయింది. సర్కారు కాగితాల్లో మాత్రం నిక్షేపంగా చలామణి అవుతున్నాయి. 59 పైసలకు ఏ కిరాణా కొట్టువాడు ఏం పొట్లం కట్టిస్తాడో, ఆ లెక్క కట్టిన మేధావి ఓసారి సంచి పట్టుకుని వచ్చి చూపిస్తే బాగుండును. ఆ ఫైలు మీద సంతకం పెడుతూ ఆయన తాగిన టీ ఎంతో ఎవరైనా అడిగారా?

ఆ ఆరు రూపాయల్లోనూ వాటాలున్నాయి. 60 శాతం ఢిల్లీది, 40 శాతం రాష్ట్రానిది. వీళ్లు విడుదల చేయలేదని వాళ్లు, వాళ్లు లెక్కలు పంపలేదని వీళ్లు. ఉత్తరాలు నడుస్తాయి. నెలలు గడుస్తాయి. ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని పిల్లల కడుపు ఆగుతుందా? పన్నెండున్నరకు గంట కొడతారు. పళ్లేలు పట్టుకుని వరస కడతారు. మరి ఈ నెలల తరబడి పిల్లలకు అన్నం పెడుతున్నదెవరు?

వంటామె. వంట ఏజెన్సీ అని ప్రభుత్వం పెద్ద పేరు పెట్టిన డ్వాక్రా సంఘపు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. ముందు వండు, తర్వాత బిల్లు పెట్టు, ఆ తర్వాత ఎదురుచూడు. ఇదీ పద్ధతి. ఇంత పెద్ద సర్కారు, ఇంత పెద్ద బడ్జెట్, ఇన్ని వేల కోట్ల అప్పు పుట్టించగల ఘనులు. చివరికి పప్పు కోసం ఆమె ముక్కుపుడక మీద ఆధారపడ్డారు. కొట్టు దగ్గర ఆమెకు దొరికే మర్యాద తెలుసు కదా? "అక్కా, పాత బాకీ కట్టు, కొత్త పప్పు పట్టుకుపో." ఆమె తలొంచుకుంటుంది. ఆర్థిక శాఖ ఎప్పుడైనా తలొంచుకుందా?

గుడ్డు సంగతి ఇంకా రసవత్తరం. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు పెట్టాలి. కొని తెచ్చేదీ ఆమే. సర్కారిచ్చే రేటొకటి, బజారు రేటొకటి. కోడి జీవోలు చదవదు కదా, ధర పెరిగిపోతుంది. తేడా ఎవరు కట్టాలి? మళ్లీ ఆమే. గుడ్డు తగ్గిస్తే ఏమవుతుంది? దొంగ అంటారు. విచారణ వేస్తారు. బిల్లు ఎగ్గొట్టిన వాణ్ని మాత్రం "సాంకేతిక కారణం" అంటారు.

సరే, డబ్బు పెట్టలేదు. పేర్లయినా పెట్టారుగా! అందులో మనవాళ్లకు సాటి ఎవరు? ఆంధ్రలో 2020 జనవరిలో గోరుముద్ద వచ్చింది, ముందు "జగనన్న" తగిలించుకుని మరీ. ఢిల్లీవాళ్లు వెనకబడతారా? 2021లో "పీఎం పోషణ్" చేశారు. 2024లో ఆంధ్రలో ప్రభుత్వం మారింది, బడి భోజనం డొక్కా సీతమ్మ గారిదయింది. ఈ మార్పుల్లో ఎన్ని బోర్డులు రాశారు, ఎన్ని తుడిచారు, ఎన్ని మళ్లీ రాశారు? పెయింటరు బిల్లు ఏ నెలైనా ఆగిందేమో కనుక్కోండి.

సీతమ్మ గారి పేరు పెట్టడం తప్పనడం లేదు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకల్లా వండి పెట్టిన తల్లి ఆమె. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపొస్తే, ఇంటికొచ్చే అతిథులు పస్తుంటారని వెళ్లలేదని చెబుతారు. ఫొటోకు కూడా మొదట ఒప్పుకోలేదట. ఆమె పేరు పెట్టుకున్నవాళ్లు ఫొటో లేకుండా ఒక గరిటె ఎత్తుతారా? అయినా ఆ పేరు ఎంపికలో ఏదో మతలబు ఉందనిపిస్తుంది. సీతమ్మ గారు ఎవరికీ బిల్లు పెట్టలేదు. వంటామె కూడా పెట్టకూడదని కాబోలు!

తెలంగాణవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2023 అక్టోబరు 6న బడిపిల్లలకు ముఖ్యమంత్రి అల్పాహారం అట్టహాసంగా మొదలైంది. మూడు రోజులకు ఎన్నికల షెడ్యూలు వచ్చింది. అధికారంలో తొమ్మిదేళ్లు కూర్చున్నవాళ్లకు పిల్లలకు పొద్దున పూట కూడా ఆకలేస్తుందని అప్పుడే గుర్తొచ్చింది! తర్వాత వచ్చినవాళ్ల హయాంలో ఆ ఇడ్లీ అటకెక్కింది. వీళ్లూ ఊరికే రాలేదు లెండి. వంట కార్మికులకు నెలకు పదివేలు ఇస్తామని చెప్పి వచ్చారు.

పరిశీలనలు ఉంటాయి. మంత్రిగారో కలెక్టరుగారో బడికొస్తారు. పిల్లల పక్కన నేల మీద కూర్చుంటారు. కెమెరా అంతకన్నా కింద కూర్చుంటుంది. ఆ రోజు పప్పులో పప్పుంటుంది. సారు ముద్ద నోట్లో పెట్టుకుని తలూపుతారు. కారెక్కుతారు. మర్నాటి నుంచి పప్పు మళ్లీ తన పాత రూపానికి వస్తుంది, అడుగున పళ్లెం కనిపిస్తుంది. ఇక ఆంధ్రలో యాప్ ఉంది. అన్నానికి ఫొటో, గుడ్డుకు లెక్క, చిక్కీకి లెక్క, మరుగుదొడ్డికి మరో ఫొటో. హెచ్ఎం గారు పాఠం ఎప్పుడు చెబుతారు? నెట్‌వర్క్ లేనప్పుడు.

ఏదైనా జరిగితే మాత్రం యంత్రాంగానికి కాళ్లొస్తాయి. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో పిల్లలు భోజనం చేసి ఆసుపత్రి పాలయ్యారు. వారం తిరక్కుండానే అదే బడిలో మళ్లీ పాలయ్యారు. హైకోర్టు మండిపడితే గానీ పైవాళ్లకు చెమట పట్టలేదు. మామూలు తంతు మీకూ నోటికొచ్చు. హెచ్ఎం సస్పెన్షన్, వంట ఏజెన్సీ తొలగింపు, ఒక కమిటీ. పురుగుల బియ్యం పంపిన గోదాము మీద ఎప్పుడైనా వేటు పడిందా? వంటగది కట్టని ఇంజనీరు మీద? బిల్లు ఆపిన సెక్షన్ మీద? 2013లో బీహార్‌లోని గండామన్‌లో 23 మంది పిల్లలు బడి అన్నం తిని చనిపోయారు. పురుగుమందు డబ్బాలో నిలవ ఉంచిన నూనెతో వండారక్కడ. ఆ తర్వాత 2015లో నిబంధనలొచ్చాయి. పిల్లలకంటే ముందు ఒక టీచరుతో సహా పెద్దవాళ్లు రుచి చూడాలట. బాగుంది. బిల్లులు పాస్ చేసేవాళ్లు కూడా రోజూ రుచి చూడాలని ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఇంతకీ ఇది ఎవరి దయా కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెవి మెలేస్తే వచ్చిన అన్నం ఇది. అప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో పిల్లలకు బియ్యం కొలిచి ఇంటికి పంపి చేతులు దులుపుకునేవారు. వండి పెట్టమంది కోర్టు. ఆరు నెలల గడువిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది 2003 జనవరిలో. ఇక్కడ కూడా వాయిదాయే. ఈ మాత్రం దానికి గోడల మీద పేర్లు, పళ్లేల మీద బొమ్మలు!

చివరగా ఇంకొక్క లెక్క. వంటామెకు కేంద్రం నెలకు వెయ్యి రూపాయలు నిర్ణయించింది 2009లో. అందులో కేంద్రం ఇచ్చేది 600. ఏడాదికి పది నెలలే. మిగతా రెండు నెలలు ఆమెకు ఆకలి ఉండదని కేంద్రం అభిప్రాయం. తెలుగు రాష్ట్రాలు పోరాటాల తర్వాత మూడు వేలు చేశాయి, కేంద్రం వాటా మాత్రం అలాగే ఉంది. పక్కన తమిళనాడులో పోషకాహార పథకం సిబ్బందికి ప్రత్యేక పేస్కేలు ఉంది, పింఛనుంది. అది చాలడం లేదని వాళ్లు రోడ్డెక్కుతారు. మనవాళ్లు ఉన్న మూడు వేలు నెలనెలా వేయండి బాబూ అని రోడ్డెక్కుతారు.

అదే 2009లో ఎంపీ జీతం నెలకు 16 వేలు. ఇప్పుడు లక్షా 24 వేలు. భత్యాలు వేరే. పైగా ధరలు పెరిగితే అయిదేళ్లకోసారి జీతం దానంతటదే పెరిగేలా 2018లో చట్టం చేసుకున్నారు. ధర్నా అక్కర్లేదు, లాఠీ దెబ్బలక్కర్లేదు. పార్లమెంటులో పప్పు ధర పెరుగుతుంది. బడి వంటగదిలో మాత్రం కేంద్రం వాటా 600 దగ్గరే ఆగిపోతుంది.

ఈసారి మీ ఊరి బడికి ఎవరైనా వచ్చి పిల్లల పక్కన కూర్చుని ముద్ద కలిపితే, వంటామెను కూడా పిలిచి ఆ పక్కనే కుర్చీ వేయండి. ఆమెకు చివరగా అందిన బిల్లు ఏ నెలదో ఆమె చేతే చెప్పించండి. కెమెరా కట్టేయకముందే.