జటాయు వ్యూపాయింట్: సటీకా తాత్పర్యం

మూలం: “గద్ద బొమ్మ భలే ఉందిరా! పక్కన నిలబడు, ఫోటో తీస్తా.”

అవతారిక: లేపాక్షిలో, ఏకశిలా నందికి చేరువన, బండరాతి గుట్టపై జటాయువు బొమ్మ కలదు. ఆయాసపడుతూ ఎక్కివచ్చిన యాత్రికుడు మిత్రునితో పలికిన వాక్యమిది. ‘నిలబడు’, ‘ఫోటో’ సుగమములు. జటాయువు పడినది ఇక్కడే అను, ఊరి పేరు వెనుక కథ గైడులందరికీ కంఠస్థమే కనుక విడిచితిమి.

శంక: రావణుడు కత్తి దూసి ఈ పక్షి రెండు రెక్కలూ, కాళ్లూ, పక్కలూ నరికెనని అరణ్యకాండ. పడిన చోటిదే అయినచో బొమ్మ కాళ్లపై నిలుచుట ఎట్లు?

సమాధానం: ఇది యుద్ధానికి ముందటి పక్షి. దీనినే తార్కికులు పూర్వపక్షమందురు.

శంక: కేరళలో చడయమంగళం వారు మా కొండపైనే పడెనని 200 అడుగుల పొడవు, 70 అడుగుల ఎత్తున విగ్రహం కట్టి 2018లో తెరిచిరి. భద్రాచలం దగ్గరి ఏటపాకకూ ఇదే ప్రతీతి. ఒక్క పక్షి ఇన్నిచోట్ల పడునా?

సమాధానం: తెగిన అవయవములు ఎన్నో లెక్కించుకొనుడు. ఊరికొకటి చొప్పున పంచవచ్చును. మా రోలుగుంటకు ఇంకా ఏదీ కేటాయించలేదు.

విశేషం: తనకు 60,000 ఏండ్లని జటాయువే రావణునితో చెప్పుకొన్నాడు. ఆ వయసున విల్లు విరిచి, సారథిని కూల్చి, రథానికి కట్టిన గాడిదలను చంపెను. ఔను, గాడిదలే. పిశాచముఖములు, రొమ్ములకు బంగారు తొడుగులు. లంకలో గుర్రాలకు కరువా? రావణుడు మారీచుని ఆశ్రమానికి పోయినప్పుడూ వీటినే కట్టించాడు. బహుశా ప్రభువుల వారికి లాగేదెవరన్నది పట్టదు, తొడుగు మెరిస్తే చాలు. విగ్రహాలను అడుగుల్లో కొలిచి ‘అతి పెద్దది’ అని మురిసేవారికి ఈ ఘట్టం నిత్యపారాయణం కావలెను.

ఇక ‘గద్ద’. దీన్ని మాత్రం క్షమించలేం. వాల్మీకి గృధ్రరాజన్నాడు. అంటే రాబందు. పాపం, ఆ కుర్రవాడికి తెలిసే వీలేదీ? ఎప్పుడైనా చూస్తేగా! పశువుకు నొప్పి తగ్గాలని పొడిచిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలిపోతుంది. దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992లో ఉన్న ప్రతి వెయ్యికీ 2007 నాటికి ఒకటి చొప్పున మిగిలింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. అయినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువుల పాకల్లోకి చేరుతూనే ఉన్నాయని, 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది. రాముడు సొంత బంధువుకు చేసినట్టు దహనం చేసిన పక్షి జాతికి మన మర్యాద ఇదీ.

తాత్పర్యం: లేపాక్షి మొదలు మా లంబసింగి ఘాట్ దాకా ఏ కొండపై ఎవరు జటాయువును నిలబెట్టినా సరే. ఎత్తు ఎన్ని అడుగులో రాసే బోర్డుపై రెండు వరుసలు మాకు వదలవలెను. మొదటిది: ‘ఇది గద్ద కాదు, రాబందు.’ రెండోది: ఆ మందు పేరు.