రిపేరే జరగని కెమెరాకి రిపేరు ఖర్చు

పాత కెమెరా అమ్మేవాడి అబద్ధానికి రెండు నాలుకలు. ధర దగ్గరికొచ్చేసరికి "షట్టర్ కొత్తది వేయించానన్నా, దానికే 12 వేలు వదిలింది" అంటాడు. కండిషన్ అడిగితే "కొన్నప్పటి నుంచీ స్క్రూడ్రైవర్ తగల్లేదన్నా" అంటాడు. రెండూ ఒకే ఫోన్లో, ఊపిరి తిప్పుకోకుండా. స్క్రూ విప్పకుండా షట్టర్ లోపలికి ఎలా వెళ్లిందని అడిగామా, మనకి కెమెరాల గురించి ఏమీ తెలీదని తేల్చేస్తాడు.

ఇంకో వింత. అమ్మకానికొచ్చే కెమెరాలన్నీ డాక్టర్లవీ సాఫ్ట్‌వేర్ వాళ్లవీ. ఏడాదికోసారి అరకు వెళ్లినప్పుడు మాత్రమే బ్యాగులోంచి బయటికి వస్తాయి. లేదా బావగారు అమెరికా నుంచి తెచ్చినవి. వాటికి ఇక్కడ వారంటీ పనిచేయదన్న సంగతి బావగారితోపాటే విమానమెక్కి వెళ్లిపోతుంది. పెళ్లిళ్లు తీసిన కెమెరా మాత్రం ఒక్కటీ అమ్మకానికి రాదు. ప్రతి ముహూర్తానికీ మంటపమెక్కి, పెళ్లికొచ్చినవాళ్లకి పెళ్లికూతురు కనపడకుండా కాపలా కాసే ఆ వందలాది కెమెరాలు చివరికి ఏమవుతాయో! బహుశా నేరుగా మోక్షమే.

లెక్క చూద్దాం. కానన్ 5డి మార్క్ 3 వచ్చింది 2012లో. దాని షట్టర్ 1,50,000 క్లిక్కులు తట్టుకుంటుందని కంపెనీ మాట. నికాన్ డి750కీ అంతే. పసుపు దంచడం నుంచి అప్పగింతల దాకా పెళ్లికి 3,000 నొక్కాడనుకున్నా, 50 పెళ్లిళ్లతో ఆ కోటా చెల్లు. ఆ మర్నాడే షట్టర్ చచ్చిపోతుందని కాదు, పోతే ఎవరినీ అనడానికి లేదని. మన అమ్మకందారు మాత్రం "10 వేలు కూడా దాటలేదన్నా" అంటాడు. నికాన్ అయితే ప్రతి ఫొటో లోపలా ఆ అంకె రాసిపెడుతుంది. అందుకే శాంపిల్ ఫొటో పంపమంటే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపుతాడు. అక్కడ ఫైలు కుదించుకుపోయి, లోపలి వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. "డాక్యుమెంటుగా పంపు తమ్ముడూ" అంటే ఆ రోజంతా కరెంటు ఉండదు. కానన్ చాలా మోడళ్లలో ఆ అంకె ఫొటోలో రాయనే రాయదు. కానన్‌కి మార్కెట్లో అంత గౌరవం ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

పోనీ, అంకె చూపించాడే అనుకుందాం. షట్టర్ మార్చినప్పుడు దాన్ని సున్నాకి తిప్పేవాళ్లున్నారు, పాతదే ఉంచేసేవాళ్లున్నారు. ఏ తేదీన, ఏ అంకె దగ్గర మార్చారో చెప్పే బిల్లు లేకపోతే ఆ సంఖ్య లాటరీ నంబరే.

నోరు బొంకినా ఒళ్లు బొంకదు. కెమెరా బోర్లించి అడుగు స్క్రూలు చూడండి. జపాన్ కెమెరాల స్క్రూ గాడి కొలత వేరు. గల్లీ షాపులో మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే అంచులు నలిగి, లోపలి తెల్లటి లోహం బయటపడుతుంది. వేళ్లు పట్టే చోట రబ్బరు మాత్రం నిగనిగలాడుతూ, పక్కన అక్షరాలు అరిగిపోయి ఉంటే, "నీట్‌గా వాడాను" అన్నది ఎవరి చేతులతోనో అడగాలి. ఎపర్చర్ ఎఫ్22కి పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీస్తే సెన్సర్ మీది మచ్చలన్నీ బారులు తీరి కనిపిస్తాయి. ఇక లెన్సు. విశాఖలోనో కాకినాడలోనో నాలుగు వానాకాలాలు తోలు సంచిలో మగ్గిన లెన్సులోకి సెల్‌ఫోన్ టార్చ్ వేస్తే తెల్లటి సాలెగూడు లాంటిది కనిపిస్తుంది. "దుమ్మన్నా, తుడిస్తే పోద్ది" అంటాడు. అది బూజు. ముదిరితే అద్దం మీది పూతనే తినేస్తుంది. తుడిస్తే పోయేదే అయితే తుడిచేసి ఇంకో 3 వేలు ఎక్కువ చెప్పేవాడే కదా!

వీళ్ల ధరల గణితానికి కొత్త పాఠ్యపుస్తకం వేయాలి. అదే మోడల్ బయట 40 వేలకు అమ్ముడుపోతోంది. "అడుగుతున్నారు" అనడం లేదు, పోతోంది. మనవాడు దానికి రిపేరు 12 వేలు కలుపుతాడు. బ్యాగుకి 2 వేలు, మెమరీ కార్డుకి వెయ్యి. పైగా "సెంటిమెంట్" అని ఒక పద్దు. ఆగిపోయిన కెమెరాకి షట్టర్ వేయిస్తే అది నడిచే కెమెరా అవుతుంది. ఆ 40 వేలు పలుకుతున్నది నడిచే కెమెరాకే. పంక్చర్ వేయించి బండి రేటు పెంచేవాణ్ని ఎక్కడైనా చూశామా?

అసలు రిపేరు దాచాల్సిన రోగమేమీ కాదు. నికాన్ డి600 సంగతే తీసుకోండి. 2012లో వచ్చిన ఆ మోడల్‌లో సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని గోల లేస్తే, 2014లో కంపెనీయే వారంటీ అయిపోయినవాటికి కూడా ఉచితంగా షట్టర్ మార్చింది. ఆ కాగితం ఉన్న డి600, లేనిదానికన్నా మేలు. కానీ ఆ ముక్క నిజాయితీగా చెప్పండి, ఎదుటివాడు "అమ్మో, ఓపెన్ చేసిందా!" అని బల్ల మీద పాము కనిపించినట్టు లేచిపోతాడు. లేచిపోయి, వీధి చివర "సీల్డ్ పీస్" అన్నవాడి దగ్గర 5 వేలు ఎక్కువిచ్చి కొనుక్కుంటాడు. అబద్ధానికి గిరాకీ పెట్టిన ఆ మహానుభావుణ్ని కూడా ఈ వరసలోనే నిలబెట్టాలి. నిజం చెప్పినవాడికి బేరం పోతే, మంచి సరుకున్నవాళ్లు ఇంట్లోనే పెట్టుకుంటారు, బజారులో డొక్కులు మిగులుతాయి. ఈ మాటే పాత కార్ల గురించి ఒక వ్యాసంలో చెప్పి ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 2001లో నోబెల్ పంచుకున్నాడు. 1970లో అచ్చయ్యేలోగా ఆ వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయట. కోఠిలో ఒక్క సాయంత్రం నిలబెట్టి ఉంటే ఆ సంపాదకులు మరునాడే అచ్చేసేవారు.

చట్టం ఏం చేస్తోందంటారా? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉంది. జబ్బు గుర్రమని తెలిసీ వేలంలో నోరు మెదపకుండా అమ్మితే అది మోసం కాదట. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే మాత్రం చెప్పాలట. మన అమ్మకందార్లు ఆ చట్టం చదివినట్టు లేరు కానీ, తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. కాకపోతే ఆ సెక్షన్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అని కొనేవాడు ముందే అన్నాడా, ఆ తర్వాత అమ్మేవాడి మౌనం మాటతో సమానం.

కాబట్టి డబ్బు తీసే ముందు వాట్సాప్‌లో ఒక్క వాక్యం కొట్టండి: "మీరు కాదనకపోతే ఈ కెమెరా ఎక్కడా విప్పలేదనీ, లెన్సులో బూజు లేదనీ అనుకుంటాను." రెండు నీలం టిక్కులు పడతాయి. పైన "టైపింగ్" అని వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కాసేపటికి జవాబు: "అన్నా, సారీ, ఇప్పుడే మా బావకి ఇచ్చేశా."