బలహీన సోదరుల బలం

రంగును బట్టి మనిషిని దూరం పెట్టేవాడిని మనం ఇంతకాలం జాత్యహంకారి అంటూ వచ్చాం. పాపం, అతను ఒట్టి బలహీనుడు! ఈ సంగతి దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్‌డ్ చర్చి 1857లోనే కనిపెట్టింది.

నిజానికి 1829లో ఇదే సంఘం ప్రభు బల్ల దగ్గర రంగూ పుట్టుకా చూడకూడదని తీర్మానించింది. కానీ నల్లవాళ్లతో కలిసి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి కొందరు తెల్ల విశ్వాసులకు మనసొప్పలేదు. దాంతో 1857లో కేప్ సినడ్ ఒక ముచ్చటైన తీర్మానం చేసింది. అందరూ ఒకే సంఘంలో ఉండటమే వాక్యానుసారం, అదే మంచిదని మొదటి సగం. కొందరి బలహీనత వల్ల అది కుదరని చోట నల్లవాళ్లకు వేరే ఆరాధన పెట్టవచ్చని రెండో సగం. వాక్యానికి ఒక దండం, బలహీనతకు ఒక గది.

బలహీనులను ఆదుకోవడం క్రైస్తవ ధర్మమే కదా! అందుకే బలహీనుడు ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మహా బలవంతుడైన నల్లవాడు, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. 1881లో ఆ వేరు గది కాస్తా వేరు సంఘమైంది. 1948లో బలహీనత ఏకంగా గద్దెనెక్కింది. అప్పుడు ప్రధాని అయిన మలాన్ ఒకప్పుడు ఆ సంఘంలోనే పాస్టరు. ఇక పార్కు బెంచీలకూ, సముద్రపు ఒడ్డుకూ కూడా నీరసం పాకింది.

బేయర్స్ నోడే అనే తెల్ల పాస్టరుకు మాత్రం ఈ జబ్బు నయమైపోయింది. 1960లో షార్ప్‌విల్‌లో నిరసన తెలుపుతున్న నల్లవాళ్లలో 69 మందిని పోలీసులు కాల్చి చంపాక, ఆయన వర్ణవివక్ష వాక్యవిరుద్ధమని ఎలుగెత్తాడు. 1963లో పాస్టరు పదవి వదులుకోవలసి వచ్చింది. ఆరోగ్యవంతులకు అక్కడేం పని?

1982లో ఒటావాలో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాలు కూడి, వర్ణవివక్షను వాక్యంతో సమర్థించడం దుర్బోధ అని తేల్చి, ఆ తెల్ల సంఘం సభ్యత్వాన్ని నిలిపేశాయి. తర్వాత అది తప్పు ఒప్పుకుంది, కన్నీళ్లూ కార్చింది. అదే 1982లో ఆ వేరుపడ్డ సంఘం ఐక్యత కోసం రాసుకున్న బెల్హార్ విశ్వాస ప్రకటనను తెల్ల సంఘం తన ప్రమాణాల్లో చేర్చుకోవాలంటే మాత్రం, ఈ శతాబ్దంలో కూడా చాలినన్ని ఓట్లు రాలేదు. కన్నీటికి ఓటింగ్ అక్కర్లేదు మరి.

తెలుగు విశ్వాసులు వాళ్లను చూసి నవ్వుకోనక్కర్లేదు. ఒకే ఊళ్లో, ఒకే దేవుడికి మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో మరో చర్చి. రెడ్డిగారో చౌదరిగారో బాప్తిస్మం తీసుకుంటే తోక కూడా ఆయనతోపాటు నీళ్లలో మునిగి, తడిసి, భేషుగ్గా పైకి తేలుతుంది. ‘క్రీస్తులో కులం లేదు’ అని పాస్టరుగారు అంటే ‘ఆమెన్’ అని పైకప్పు ఎగిరిపోయేలా అరిచిన అయ్యే, ‘రక్షణ పొందిన, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను’ అని ప్రకటన రాయించి, చివర్లో కులం పేరు చేర్పిస్తాడు. ఇదేమిటని అడిగితే, “సమయం రావాలి బ్రదర్, ప్రార్థన చేద్దాం” అంటాడు.

వివక్షను పోగొట్టాలనుకునే సంఘాలు ఇప్పుడు కమిటీలు వేస్తున్నాయి, సదస్సులు పెడుతున్నాయి. పెట్టుకోనివ్వండి. ఒక్క మనవి: ఓర్పు గురించిన ప్రసంగం బయట నిలబడ్డవాడికి ఇక చాలు, వాడికి అది కంఠతా వచ్చు. పక్క గది ఎలాగూ కట్టే ఉంది కాబట్టి, బలం పుంజుకునేదాకా ఈసారి బలహీన సోదరులనే అందులో కూర్చోబెట్టండి.