నీళ్లు లేని ఊళ్లో ముక్కుగొట్టం బండి

ఎర్రగుంట్లలో ఇప్పుడొక జీపుకు ముక్కుగొట్టం ఉంది. బానెట్ పక్కన మొదలై, ముందు అద్దం చట్రం పట్టుకుని పైకి పాకి, టాపు దగ్గర తల తిప్పి నిలబడిన నల్లటి గొట్టం. స్నార్కెల్ అంటారు. బండి వాగులో దిగినప్పుడు ఇంజన్ నీళ్లు మింగకుండా పైనుంచి గాలి పీల్చుకునే ఏర్పాటు. అస్సాం వరదల్లో తిరిగేవాళ్లు, ఆస్ట్రేలియా నదులు దాటేవాళ్లు పెట్టుకున్నారంటే అర్థముంది. సిమెంటు దుమ్ము, థర్మల్ బూడిద, నాపరాతి పొడి తప్ప రోడ్డు మీద ఏడాది పొడుగునా మరేదీ పారని మా ఊళ్లో ఇది వెలిసిందంటే, మావాళ్ల ముందుచూపుకు దండం పెట్టాలి.

లెక్క చూడండి. 2020లో వచ్చిన కొత్త థార్ ఏ గొట్టమూ లేకుండానే 650 మిల్లీమీటర్ల నీళ్లలో నడుస్తుందని కంపెనీవాళ్లు చెబుతారు. కడప జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 700 మిల్లీమీటర్లు. అంటే జూన్ నుంచి మే దాకా పడాల్సిన వాన మొత్తం ఒక్క పూటలో కురిసి, పారకుండా, ఇంకకుండా, ఆవిరి కాకుండా నాలుగు రోడ్ల కూడలిలో నిలబడితే, షోరూం బండికి చాలనిది ఐదు సెంటీమీటర్లు. ఆ ఐదు సెంటీమీటర్ల కోసమే మామ గొట్టం బిగించాడు.

మామ అంటే నాకు మేనమామేం కాదు. నాపరాళ్ల వ్యాపారం చేసుకునే పెద్దమనిషి, వీధి మొత్తానికీ మామే.

"మామా, ఈ గొట్టం ఎందుకు?"

"నీళ్లలో పోయేటప్పుడు ఇంజన్‌కు గాలి ఆడాల గదబ్బీ."

"యా నీళ్లు మామా?"

"వస్తాయిలేబ్బీ."

ఈ మాట మా సీమలో మూడు తరాలుగా ప్రతి ఎన్నికల సభలోనూ వింటున్నదే. అది నమ్మి బావులు తవ్వినవాళ్లున్నారు, బోర్లు వేసి పొలాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. జీపుకు గొట్టం పెట్టించినవాడు మాత్రం మామ ఒక్కడే. దగ్గర్లో గండికోట జలాశయం లేకపోలేదు, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. అందులోకి జీపు దించే ఉద్దేశం మామకు లేదు, మామ పెళ్లాం పడనీయదు.

నిజంగా నీళ్లొచ్చిన రోజు సంగతి కూడా చెప్పుకోవాలి. 2021 నవంబరు 19న పక్క అనంతపురం జిల్లాలో చిత్రావతి పొంగింది. కారు కొట్టుకుపోతుంటే అందులోవాళ్లను కాపాడటానికి జేసీబీ వెళ్లింది. జేసీబీ నడిమధ్యలో ఇరుక్కుంది. చివరికి వాయుసేన హెలికాప్టర్ వచ్చి పదిమందినీ పైకి లాక్కోవాల్సి వచ్చింది. అదే రోజు, అప్పటికి మా జిల్లాలోనే ఉన్న రాజంపేట వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి మనుషులు పోయారు. దాని మీద వెటకారమాడే నోరు నాకు లేదు. చెప్పొచ్చేదేమంటే, మా సీమలో నీళ్లు రాకపోతే గొట్టం అక్కర్లేదు, వస్తే గొట్టం చాలదు.

బండి విషయానికొస్తే, అది పాత మహీంద్రా ఫోర్ బై ఫోర్. వంశం గొప్పదే. 1941లో యుద్ధం కోసం అమెరికాలో పుట్టిన విల్లీస్ జీపును 1947 నుంచి మహీంద్రావాళ్లు మన దేశంలో విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కలెక్టర్లు, తాసిల్దార్లు, పోలీసులు, కాంట్రాక్టర్లు, ఓట్లకొచ్చే నాయకులు అందరూ ఆ జీపుల్లోనే సీమను చూశారు. మామ జీపు ఆఖరి ఉద్యోగం గనుల్లో. అక్కడ ముప్పై ఏళ్లు రాళ్లెక్కి రాళ్లు దిగినప్పుడు దాన్ని ఎవరూ ఆఫ్‌రోడ్ బండి అనలేదు. గొడ్ల కొట్టంలోకి చేరి, కింద జాకీలు పెట్టించుకుని, కదలకుండా ఏడాది నిలబడ్డాక ఆ బిరుదొచ్చింది.

కొట్టంలో ఎనుములకు బదులు ఇప్పుడు వెల్డింగ్ మిషను, గ్యాస్ కటింగ్ సిలిండర్లు, చైన్ బ్లాకు. గాడిలో నట్లు, బోల్టులు, గ్రీజు డబ్బా. పని చేసేది ప్రొద్దుటూరు నుంచి వచ్చే సాయిబన్న. డీజిల్ ఇంజన్ చప్పుడు విని ఏ నాజిల్ కారుతోందో చెప్పగల మనిషి. పక్కన నిలబడి సలహా ఇచ్చేది మామ కొడుకు, ఇంజనీరింగ్ మూడో ఏడు. వాళ్ల కాలేజీలో మెకానికల్ పిల్లలు బాహా పోటీ కోసం పైపులు వంచి, చిన్న ఇంజన్ పెట్టి సొంతంగా బండి చేస్తున్నారట. దేశమంతటి కాలేజీలూ 2007 నుంచి ఆ పోటీలో కొట్టుకుంటున్నాయి. ఈ పిల్లవాడు చదివేది కంప్యూటర్ సైన్సు. అందుకే సలహాలకు లోటు లేదు.

ముందు బండి లేపారు. కమాన్ కట్టలకూ యాక్సిల్‌కూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టి, పొడుగు యూ బోల్టులు బిగించి, ఆ పైన కొత్త కమాన్లు వేస్తే బండి నాలుగంగుళాలు లేచింది. లేపడం సాయంత్రం పని. లేపిన పాపానికి ప్రాయశ్చిత్తం నెలల పని. బాడీ పైకి పోయింది గానీ యాక్సిల్ నేల దగ్గరే ఉంది కదా, రెంటినీ కలిపే షాఫ్టు వాలు పెరిగింది. జాయింట్లు కొట్టుకోవడం మొదలైంది. బ్రేకు గొట్టాలు పొట్టివైపోయి బిగుసుకున్నాయి. స్టీరింగు కడ్డీ వంకర తిరిగి, గుంతలో దిగిన ప్రతిసారీ బండి తనకు తోచిన దారి పట్టింది. ఇవన్నీ సాయిబన్న ముందే చెప్పాడు. "అన్నా, ఎత్తు పెరిగితే బండికి బుద్ధి తగ్గుతాది" అన్నాడు. మనుషుల్లోనూ చూస్తున్నదే కనుక మామ పట్టించుకోలేదు.

తర్వాత టైర్లు. పాత టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. మామ తెప్పించినవి 33. చక్రం పెద్దదైతే ఒక్క తిప్పుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. అది 60 చూపిస్తుంటే బండి 70 మీద ఉంటుంది. పదికి పైగా కిలోమీటర్ల వేగం ఇంజన్ ముట్టకుండా కలిసొచ్చిందని కొడుకు సంబరపడ్డాడు. ఇంజన్ సంబరపడలేదు. అంత చక్రాన్ని తిప్పాలంటే క్రౌన్, పినియన్ పళ్ల లెక్క కూడా మార్చాలి. మార్చకపోతే మూడో గేరులో ఎక్కే గడ్డను రెండో గేరులో దగ్గుకుంటూ ఎక్కుతుంది. అయినా మామ పళ్ల జోలికి పోలేదు. పళ్లు లోపలుంటాయి, ఎవరికీ కనపడవు. కనపడని దానికి డబ్బు పెట్టడం మామ వంశంలో లేదు.

గొట్టం రహస్యం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒక మధ్యాహ్నం సాయిబన్న బీడీ ఆర్పి, నన్ను పిలిచి బానెట్ ఎత్తి చూపించాడు. గొట్టం బయట బోల్టుల మీద గట్టిగా నిలబడి ఉంది. లోపల అది చేరాల్సిన చోట రేకు రేకులాగే ఉంది, రంధ్రం లేదు. ఎయిర్ ఫిల్టర్ ఎప్పట్లాగే బానెట్ కిందనుంచే గాలి పీలుస్తోంది. రంధ్రం కొడితే పెయింటు పాడవుతుందని మామ వద్దన్నాడట. "మన దుమ్ముకు ఈ గొట్టం నిజంగా పనికొస్తాదిన్నా. పైన గాలిలో మన్ను తక్కువ ఉంటాది, ఫిల్టర్ నాలుగు దినాలు ఎక్కువ బతుకుతాది. కలిపితే గదా" అన్నాడు. కొట్టం మొత్తం మీద పనికొచ్చే ఒకే ఒక్క మాట అది. దాని ఖరీదు ఒక రంధ్రం.

బండి పూర్తయ్యాక ఫొటో కావాలి. గని పక్కన పగిలిన బండల కుప్ప మీదికి ముందు చక్రం ఒకటి ఎక్కించారు. కొడుకు కింద పడుకుని ఫోను పట్టుకున్నాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. దిగేటప్పుడు వచ్చింది తిప్పలు. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి గిరగిరా తిరుగుతోంది, నేల మీదున్నది కదలదు. మామూలు డిఫరెన్షియల్ గుణమే అది. రెండు చక్రాల్లో ఏది సులువుగా తిరిగితే దాన్నే తిప్పుతుంది, కష్టపడే దాన్ని వదిలేస్తుంది. ముందు యాక్సిల్ కలిపే గేరు వేద్దామంటే, కొట్టంలో ఏడాది నిలబడ్డందుకు అది పట్టేసింది. అప్పుడే బండల లోడుతో ట్రాక్టర్ తోలుకుపోతున్న కుర్రాడు ఆపి, కాసేపు చూసి అడిగాడు.

"మామా, లాకు తొక్కకూడదా?"

"దీంట్లో లాకు లేదబ్బీ."

"లేదా!" అన్నాడు వాడు నిజమైన జాలితో. మడి దున్నే ప్రతి ట్రాక్టర్‌లోనూ కాలి కింద ఆ లాకు ఉంటుంది. తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. వాడి తాత కూడా తొక్కాడు. మామ లక్షలు పెట్టి తెచ్చుకున్న సామాన్ల పట్టీలో అదొక్కటే లేదు, ఎందుకంటే అదీ కనపడదు.

ఇంతకూ ఈ బండి యాడికి పోతుంది? ప్రొద్దుటూరుకు పోతుంది, టీ తాగడానికి. అదీ మంచి రోడ్డు మీద. ఫ్యాక్టరీల వైపు లారీలు తొక్కిన గుంతల దారి ఉందే, ఆ దారిన పోతే అల్లాయ్ వీల్స్ గీసుకుపోతాయని మామ చుట్టు తిరిగి పోతాడు. ఆ గుంతల్లోనే ఒక టీవీఎస్ ఎక్సెల్ పొద్దున్నే నలుగురు మనుషుల పని చేసుకుంటూ పోతుంటుంది. ముందు సిమెంటు బస్తా, వెనక పాల క్యాన్లు, మధ్యలో మనిషి. దాని బలం నాలుగు గుర్రాల చిల్లర. దానికి లిఫ్టు లేదు, లైట్ల కడ్డీ లేదు, వెనక అద్దం మీద పులి బొమ్మ లేదు, అసలు వెనక అద్దమే లేదు.

చట్టం సంగతి మామకు తెలియక కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో రాసిన వివరాలు తేడా వచ్చేలా, కంపెనీ ఇచ్చిన తీరు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరాఖండీగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. అంతకుముందే, 2017 డిసెంబరులో, ముందు బిగించే ఇనుప గార్డులు తీయించమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. 2022లో శ్రీనగర్‌లో థార్ మార్చుకున్న ఒకాయనకు కోర్టు ఆర్నెల్ల శిక్ష వేసి, మంచి నడవడికకు బాండు రాయించుకుని వదిలింది. మామ వేళ్లు మడిచి లెక్కేశాడు: బంపరు, టైర్లు, లిఫ్టు, లైట్లు, హారను, సైలెన్సరు, గొట్టం. ఏడైదులు ముప్పై ఐదు వేలు. "గొట్టం లోపలికి కలపలేదు కాబట్టి అది మార్పు కిందకు రాదబ్బీ" అన్నాడు. న్యాయశాస్త్రం ఇంత దూరం ఆలోచించి ఉండదు.

సొంత చేత్తో బండి చేసినవాళ్లను నేను వెక్కిరించను. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే ఊరి దత్తాత్రేయ లోహార్ తుక్కు సామాను పోగేసి, కిక్కు కొడితే స్టార్టయ్యే చిన్న జీపు చేశాడు, సుమారు అరవై వేల ఖర్చుతో. 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా అది చూసి ముచ్చటపడి, తర్వాత ఆ జీపు తీసుకుని బదులుగా బొలెరో ఇచ్చారు. అంటే ఈ దేశంలో బండి కనిపెట్టినవాడికి దొరికే అత్యున్నత బహుమతి, ఇకమీదట అది నడపకుండా కంపెనీ బండి. హైదరాబాద్ సుధాకర్ ఇంకా తెలివైనవాడు. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడుచక్రాల సైకిల్ కట్టి గిన్నిస్‌కెక్కాడు. బూటు, బంతి, బర్గర్ ఆకారాల్లో కార్లు చేశాడు, 2010లో బహదూర్‌పురాలో మ్యూజియం తెరిచి అందులో పెట్టాడు. టిక్కెట్టు కొని జనమే కార్ల దగ్గరికి వస్తారు. బ్రేకు ఇన్‌స్పెక్టర్ వచ్చినా టిక్కెట్టు కొనాల్సిందే.

మామకు వీళ్లెవరూ ఆదర్శం కాదు. ఆయన ఆదర్శం సినిమా. సీమ అంటే గాల్లోకి లేచే సుమోలని పాతికేళ్లు తెర మీద చూపించారు. టాటావాళ్లు 2019లో సుమోలు ఆపేశారు గానీ, తెర మీద అది లేచినంత ఎత్తుకు ఏ లిఫ్టు కిట్టూ ఇప్పటికీ లేపలేదు. ఆ లోటు తీర్చడానికే కొట్టంలో ఇంత శ్రమ.

మొన్న బెంగుళూరు నుంచి ఒకాయన జీపు కొనడానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, కింద దూరి, టార్చి వేసి చూసి, ధర బానే చెప్పాడు. ఒక్కటే షరతు. కంపెనీ ఇచ్చిన సామాను కంపెనీ ఇచ్చినట్టే ఉండాల. అలాంటి బండ్లకే ఇప్పుడు గిరాకీ అట. సాయిబన్న మళ్లీ జాకీలు పెట్టాడు. టైర్లు దొరికాయి, పాత బంపరు దూడ గాడి కింద దొరికింది. కమాన్లే లేవు.

"కమాన్ కట్టలు యాడ మామా?"

"కొలిమికి ఇచ్చినాబ్బీ. మంచి ఉక్కు అని కొడవండ్లు కొట్టించినా. ఎనిమిదొచ్చినాయి."

బెంగుళూరాయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ కొడవండ్లు కూడా బండితో పాటే ఇచ్చెయ్యండి సార్. ఒరిజినలే గదా, బ్రేకు ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించుకుంటా" అన్నాడు.