నేను బ్యారన్ దూలాన్ని

నేను జామాయిల్ దూలాన్ని. కలిగిరి మండలంలో ఒక రైతు ఇంటి ముందు, దోమల జాలీ కొట్టిన పంచలో తలుపు పక్క గుంజగా నిలబడి ఉన్నాను. అంతకుముందు నా బతుకంతా పొగాకు ఆకును వేడితో ఎండబెట్టే బ్యారన్‌లో గడిచింది. కలిగిరి పొగాకు వేలం కేంద్రమని ఈ పంట పండించే వాళ్లందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు బోర్డు 1985లో వేలాలు మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే మా పెద్దాయన అప్పు చేసి బ్యారన్ కట్టాడు, నన్ను అందులోకి ఎక్కించాడు.

పదహారడుగుల చదరం, ఇంచుమించు అంతే ఎత్తు. ఈ గోడ నుంచి ఆ గోడకు మమ్మల్ని వరసలు వరసలుగా వేశారు. సంక్రాంతి దాటాక ఆకు కొట్టుకొచ్చి, కర్రలకు పురికొసతో కట్టి మా మీద వేలాడదీసేవాళ్లు. కింద పొయ్యిలో కట్టెలు మండితే రేకు గొట్టాల గుండా వేడి తిరిగేది. పొగ బయటికి, వేడి మాకు. ఆకు పసుపెక్కేదాకా సన్నవేడి, ఆరేదాకా ఇంకొంచెం, చివర్లో ఈనె ఎండడానికి 71 డిగ్రీల సెల్సియస్ దాకా. పచ్చి జామాయిల్‌ను నమ్మకూడదంటారు, నిజమే. ఆరేటప్పుడు పగులుతుంది, మెలి తిరుగుతుంది. మాలో అలా తిరిగినవాటిని మొదట్లోనే తీసి పొయ్యిలో పెట్టారు. మిగిలిన మేము ఏడాదికేడాది కాగి కాగి, ఇక వంగడానికి ఏమీ లేనంతగా ఎండాం.

పెద్దాయన దగ్గర ఒక విద్య ఉండేది. సీజన్ మొదలయ్యే ముందు పట్టపగలు బ్యారన్‌లోకొచ్చి తలుపు మూయించుకుని, చీకట్లో కాసేపు నిలబడేవాడు. గోడలో ఎక్కడ వెలుతురు గీత కనిపిస్తే అక్కడ వేలు పెట్టి చూపించేవాడు. బయట మనిషి మట్టి మెత్తేవాడు. సందు ఉంటే వేడి పోతుంది, వేడి పోతే కట్టెలు ఎక్కువ కాలతాయి. ఆయన లెక్కంతా సందుల దగ్గరే.

కట్టెల ధర, కూలి రెండూ పెరిగాయి. పెద్దాయన పొగాకు మానేసి మినుము, కంది వేసుకున్నాడు. బ్యారన్‌లో పిల్లులు ఈనాయి. వానలకు ఒక గోడ ఒరిగింది.

అప్పుడు మనవరాలికి డెంగీ జ్వరం వచ్చి తగ్గింది. ఆ జ్వరం తెచ్చే దోమ పగటిపూట కుడుతుందని, రాత్రి మంచానికి దోమతెర కట్టుకుంటే చాలదని ఆ పిల్లే అవ్వకు చెప్పింది. ఇంట్లో పగలంతా మనుషులుండేది పంచలోనే. బియ్యం ఏరడం, చదువుకోవడం, మధ్యాహ్నం కునుకు, అన్నీ అక్కడే. బెంగళూరులో ఉన్న కొడుకు అల్యూమినియం చట్రాల్లో దోమల జాలీ బిగించిన పంచ ఫొటో పంపించి, దానికయ్యే లెక్క కూడా చెప్పాడు. పెద్దాయన ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ డబ్బుకు పాడి గేదె వస్తాదిరా. మన బ్యారన్ యాడికి పోయింది, పీకిద్దాం" అన్నాడు.

పీకించాడు. ఇటుకలు, సిమెంటు రేకులు, తలుపు, మేము, అంతా ఇంటికి చేరాం. పంచ పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. మూడు వైపులా కలిపి ఇరవై ఎనిమిదడుగులు. ఏడడుగుల ఎత్తంతా జాలీ కొడితే 196 చదరపు అడుగులు కావాలి. బ్యారన్ ఇటుకలతో రెండున్నర అడుగుల పిట్టగోడ లేపితే 126 చాలు. పైగా మేకలు కొమ్ములు పెట్టవు, కుక్క కాళ్లు పెట్టదు.

వడ్రంగి ఆచారి ముందు మమ్మల్ని కోయలేదు, కావలి పోయి జాలీ చుట్ట వెడల్పు కనుక్కొచ్చాడు. నాలుగడుగులు. గుంజకూ గుంజకూ మధ్య నాలుగు అడుగులకు నాలుగంగుళాలు తగ్గించి గీత గీశాడు. అలాగైతే జాలీకి మధ్యలో అతుకు రాదు, రెండు అంచులూ గుంజల మీద ఆనుతాయి. స్టీలు జాలీ కాదు, ప్లాస్టిక్ పూతేసిన ఫైబర్ జాలీ తెచ్చారు. తుప్పు పట్టదు, ధర ఎంతో తక్కువ. అంగుళానికి ఒకవైపు 18, ఇంకోవైపు 16 పోగులు. కన్నం మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది, దోమ పట్టదు, గాలి వస్తుంది. అయితే వచ్చే గాలిలో కొంత జాలీ ఆపేస్తుంది. అందుకే ఎదురెదురు వైపులు రెండూ మూయకుండా జాలీకే వదిలారు.

నన్ను ఏడడుగులకు ఒకటి చొప్పున రెండు గుంజలు చేశారు. మిగిలిన రెండడుగుల ముక్క తలుపుకు అడ్డపట్టీ అయింది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది తలుపు పక్క ముక్క. మమ్మల్ని మట్టిలో పాతలేదు, రాతి పీటల మీద నిలిపారు, చెద ఎక్కకుండా. జాలీని లాగి పట్టి, మీద సన్న చెక్కపట్టీలు పెట్టి మేకులు కొట్టారు. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టారు. జాలీకి ఆనుకుని కాచుకున్న దోమలు తలుపుతో పాటు వెనక్కి పోతాయి. దానంతట అదే మూసుకోవడానికి పాత సైకిల్ ట్యూబు ముక్క బిగించారు, కింద సందుకూ అదే ట్యూబు. పైన రేకులకు సున్నం కొట్టారు. తెల్లటి పైకప్పు ఎండను తిప్పికొడుతుందని మా అవ్వకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇదే పని మీద చల్లని పైకప్పుల విధానం తెచ్చిందని మనవరాలు చదివి వినిపించింది.

అంతా అయ్యాక కూడా సాయంత్రానికి దోమలు లోపలున్నాయి. ఆచారి జాలీ అంతా తడిమి చూశాడు, ఎక్కడా చిరుగు లేదు. మరునాడు మధ్యాహ్నం అవ్వ నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, "ఇదో, నువ్వు బ్యారన్ చూసినట్టు ఒకసారి పైకి చూడు. వెలుతురు దూరేకాడ దోమ దూరదా?" అంది. రేకు వంపులకూ కింది దూలానికీ మధ్య చందమామ ముక్కల్లాంటి సందులు, ఒక్కో వంపుకు ఒక్కోటి. పెద్దాయన నవ్వేశాడు. ఆచారి జాలీ గురించే ఆలోచించాడు, ఈయన కొత్త పంచ కదా అని మురిశాడు. ఆ సాయంత్రమే సిమెంటు కలిపి ఒక్కో వంపూ మూశారు. మిగిలిన జాలీ ముక్కలను వాకిట్లో నీళ్ల డ్రమ్ముల మూతికి తాడుతో కట్టారు. పగటి దోమ పుట్టేది ఆ నిలవ నీళ్లలోనే.

ఇప్పుడు నా పక్కన కూర్చుని మనవరాలు గట్టిగా చదువుకుంటుంది. మలేరియాను దోమ మోస్తుందనే రుజువు 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్‌కు దొరికిందట. 1900లో ఇటలీలో ఓస్టియా దగ్గర బురదనేలల్లో ఇద్దరు వైద్యులు జాలీ బిగించిన గుడిసెలో మలేరియా కాలమంతా ఉన్నారట, ఇద్దరికీ జ్వరం రాలేదట. వాళ్లు చీకటి పడ్డాక బయటికి రాలేదు, అంతే జాగ్రత్త. వింటుంటే వాళ్ల గుడిసెకు దూలం ఏ చెట్టుదో తెలుసుకోవాలనిపించింది.

పెద్దాయన చేసిన పనుల్లో నాకు నచ్చింది వేరే ఉంది. పిట్టగోడ బయట అడుగున్నర వెడల్పు అరుగు వదిలాడు. పంచ మూసేస్తే దారిన పోయేవాళ్లు ఆగరని ఆయన బెంగ. బీడీ కాల్చే వాళ్లు అరుగు మీద, కాఫీ తాగే వాళ్లు లోపల. మధ్యలో జాలీ ఉన్నా మాట ఆగదు.

మొన్న పక్క ఊరి రైతొకాయన అరుగు మీద కూర్చుని, "ఎంతయిందన్నా దీనికి?" అన్నాడు.

"జాలీ, మేకులు, సిమెంటు, ఆచారి కూలి. మిగతాదంతా బ్యారనే ఇచ్చింది."

"మా బ్యారన్ దూలాలు కట్టెల కింద బేరం పెట్టుండా గదన్నా!"

"తీసుకుండావా డబ్బు?"

"ఇంకా లేదు."

"అయితే పో, ఫోను చేసి బేరం మాన్పించు. జాలీ తర్వాత కొందువుగానీ, ముందు ఆ బ్యారన్‌లోకి పోయి తలుపేసుకుని నిలబడు."