జీతం లేని సెలవులో ఉన్న జ్యూరర్ సంగతి: ఆస్ట్రేలియా మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆస్ట్రేలియా ఉద్యోగ, కార్మిక సంబంధాల మంత్రిగారికి,

మంత్రివర్యా, మీ 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టాన్ని ఓపికగా చదివినవారెవరైనా దాని పొందికను మెచ్చుకోక తప్పదు. ఉద్యోగి జ్యూరీకి వెళ్తే, కోర్టు ఇచ్చే భత్యానికీ అతని మూల వేతనానికీ మధ్య తేడాను మొదటి 10 రోజులూ యజమానే భర్తీ చేయాలంటుంది 111వ సెక్షన్. (క్యాజువల్ ఉద్యోగులకు ఆ భాగ్యం లేదు. అది మరో లేఖకు సరిపడా గొడవ.) 89వ సెక్షన్ ఇంకా ముచ్చటైనది. జీతంతో కూడిన వార్షిక సెలవులో ఉండగా జ్యూరీకి వెళ్లాల్సి వస్తే, ఆ రోజులు సెలవు కింద లెక్కకు రావు. గోల్డ్ కోస్ట్ ఇసుకలో పడుకోవాల్సిన మనిషి కోర్టులో కూర్చున్నాడు గనుక, ఆ సెలవు మళ్లీ అతని ఖాతాలోనే పడుతుంది. ఇంత సున్నితంగా ఆలోచించిన చట్టమే, జీతం లేని పేరెంటల్ లీవులో ఉన్నవారి దగ్గరికొచ్చేసరికి ముఖం తిప్పేసుకుంది. ఆ సెలవులో చేసిన జ్యూరీ సేవకు యజమాని చెల్లించాల్సింది ఏమీ లేదని 79వ సెక్షన్ తేల్చేసింది. చంటిబిడ్డ తల్లి గానీ తండ్రి గానీ అదే కేసు విని, పక్క కుర్చీలోని వారితో సమానంగా తీర్పులో పాలుపంచుకుని, కోర్టు భత్యంతో సరిపెట్టుకోవాలి.

మీ శాఖ ఇవ్వగల సమాధానం తెలిసిందే, బలమైనదే కూడా. పోయిన జీతాన్నే భర్తీ చేస్తారు, అసలు రాని జీతం పోయేదెలా అంటారు. యజమాని వైపు నుంచి చూస్తే ఈ వాదనకు తిరుగులేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇవ్వనక్కర్లేనిది ఎవరో మాత్రమే అది చెబుతుంది, ఇవ్వాల్సింది ఎవరో చెప్పదు. జీతం లేని సెలవంటే పని లేని సెలవు కాదు గదా. పగలంతా కోర్టులో ఉంటే బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. డబ్బు కట్టి చైల్డ్‌కేర్‌లో వదలాలి, లేదా భార్యాభర్తల్లో రెండోవారు తమ సెలవు ఖర్చు పెట్టుకోవాలి. నష్టం నిజమే, పే స్లిప్పులో కనబడదు, అంతే. ప్రభుత్వం ఇప్పటికే పేరెంటల్ లీవ్ పే ఇస్తోంది కదా అనవచ్చు. అది బిడ్డను చూసుకోవడానికి ఇచ్చేది, నేరవిచారణ వినడానికి కాదు. పైగా 2026 జూలైతో 26 వారాలకు చేరేలా పెంచినా, 12 నెలల జీతం లేని పేరెంటల్ లీవులో అది సగమే.

ఇక రెండో సమాధానం: చంటిబిడ్డ ఉందని చెప్తే కోర్టు మినహాయిస్తుంది గదా, గొడవెందుకని. ఈ దయే నాకు ఎక్కువ అనుమానం కలిగిస్తుంది. 1923లో క్వీన్స్‌లాండ్ మహిళలకు జ్యూరీ తలుపు తెరిచింది, కానీ తామే కోరి పేరు నమోదు చేయించుకుంటేనే. హక్కు కాగితం మీదికి వచ్చింది, జ్యూరీ గదిలో మగవాళ్లే మిగిలారు. నేటి మినహాయింపు అంత మొరటుది కాదు. అయినా ఖర్చు భరించలేనివారు తప్పుకుంటూ పోతే, పసిపిల్లల్ని సాకుతున్నవారు జ్యూరీలో కరువవుతారు. అమ్మమ్మలూ నాయనమ్మలూ దగ్గర లేని వలస కుటుంబాలకు ఇది మరీ వర్తిస్తుంది. మావాళ్లనే చూడండి: భారతదేశంలో జ్యూరీ విచారణలు కనుమరుగై, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో వాటికి చోటే లేకుండా పోయింది. జ్యూరీని సినిమాల్లో తప్ప చూడని మా తెలుగువారు మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పౌరసత్వం తీసుకుని, ఓటర్ల జాబితాకెక్కి, ఆ జాబితా ద్వారానే సమన్లు అందుకుంటారు. అప్పటికి అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే సరే, లేకపోతే మినహాయింపే దిక్కు.

జ్యూరీ రాష్ట్రాల వ్యవహారమని మీరు చేతులు దులుపుకోవడానికీ లేదు. కేంద్ర చట్టాల కింది నేరాలపై ఇండైట్‌మెంట్ (అభియోగపత్రం) దాఖలైతే విచారణ జ్యూరీతోనే జరగాలని మీ రాజ్యాంగం 80వ సెక్షన్ శాసిస్తోంది. అంటే ఈ సేవ మీకూ కావాలి. దారి కూడా మీ ఇంట్లోనే ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో యజమాని జ్యూరర్‌కు జీతం ఇచ్చి, ఆ సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చు. పిలిచినవాడే ఖర్చు పెట్టుకోవాలన్న ఆ సూత్రాన్ని పేరెంటల్ లీవుకూ విస్తరించండి. జ్యూరీలో కూర్చున్న ప్రతి రోజుకూ మూల వేతనానికి తక్కువైన మొత్తం ఖజానా నుంచి నేరుగా ఇవ్వండి, చైల్డ్‌కేర్ బిల్లు విడిగా చెల్లించండి. యజమాని జేబు జోలికి పోనక్కర్లేదు. 79వ సెక్షన్‌లో ఒక్క అక్షరమూ మార్చనక్కర్లేదు.

భవదీయుడు,
సెక్షన్లు చదివే అలవాటున్న ఒక తెలుగు పాఠకుడు