కళ్లార్పితేనే కూడు

శుభం. దేశంలో దొంగలెవరో ఎట్టకేలకు తేలిపోయింది. మూడేళ్లు నిండని పసివాళ్లూ, వాళ్లను కన్న తల్లులూ. అందుకే 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహారం పొట్లం కావాలంటే తల్లి వచ్చి ఫోను ముందు నిలబడాలి. పోషణ్ ట్రాకర్ యాప్ ఆ ముఖాన్ని పోల్చుకుంటేనే పొట్లం చేతికొస్తుంది. ఇంతకీ ఈ కాపలా ఏ సొత్తుకయ్యా అంటే, పిల్లాడికి రోజుకు 8 రూపాయల తిండికి. 2017లో కేంద్ర ప్రభుత్వం ఖరారు చేసిన లెక్క అది. ఆ డబ్బుకు ఛత్తీస్‌గఢ్‌లోని మా బిలాస్‌పుర్ బుధవారీ బజారులో ఒక సమోసా కూడా రాదు.

మా దగ్గరి కోటా ఊరికి రైల్వేవాళ్లు పెట్టిన స్టేషను పేరు కర్గీ రోడ్. దీపావళి అయ్యి, వరి కోత ముగిశాక ఆ ప్లాట్‌ఫాం మీద బియ్యం మూటలూ, సత్తు గిన్నెలూ, చంకన పిల్లలూ కనిపిస్తారు. ‘కమాయే ఖాయే’, అంటే సంపాదించుకు తినడానికి, వెళ్తున్నామంటారు. కూలీల సర్దారు అడ్వాన్సు ఇచ్చాడు, రైలెక్కించాడు. ఏ ఇటుక బట్టీకో దిగాకగానీ తెలియదు. అందరూ పిల్లల్ని తీసుకుపోరు. కొందరు ముసలమ్మ దగ్గర వదిలేస్తారు. ఇక్కడే మన యాప్ ప్రతిభ చూడాలి.

ముసలమ్మ మనవణ్ణి చంకనేసుకుని అంగన్‌వాడీ కేంద్రానికి వస్తుంది. పిల్లాడు వాడే. ఎత్తు కొలిచిందీ, బరువు తూచిందీ, వాడి ముక్కు తుడిచిందీ అక్కడి కార్యకర్త దీదీయే. వాణ్ణి దీదీ గుర్తుపడుతుంది, ఊరు గుర్తుపడుతుంది, వీధి కుక్క కూడా గుర్తుపడుతుంది. యాప్‌కు మాత్రం వాడితో పని లేదు, వాళ్లమ్మ ముఖం కావాలి. వాళ్లమ్మ తెలంగాణలోని పెద్దపల్లి దగ్గర మట్టి తొక్కుతోంది.

పోనీ, నానమ్మ ముఖం ఎక్కించుకోండి అన్నారనుకోండి. ఎక్కించవచ్చు. ముందు ఆధార్‌తో సరిచూడాలి. ఓటీపీ ఆధార్‌కు కట్టిన నంబరుకు వెళ్తుంది. ఆ సిమ్ము కొడుకు ఫోనులో ఉంది, కొడుకు బట్టీలో ఉన్నాడు, బట్టీలో చార్జింగు ఉన్నప్పుడు సిగ్నలుండదు. అదృష్టం బాగుండి ఓటీపీ వచ్చిందే అనుకుందాం. అప్పుడు కళ్లార్పమంటారు. కంట్లో శుక్లం ముదిరిన ముసలమ్మ ఎటువైపు చూసి ఆర్పాలి? ఆర్పుతుంది. వెలుతురు చాలలేదంటే బయటికి తీసుకెళ్తారు, మళ్లీ ఆర్పుతుంది. ఈలోగా చంకలోవాడు ఫోను లాగుతాడు. ప్రభుత్వానికి ఆ ఇంట్లో ఒక ప్రాణం ఉందని రుజువు కావాలట! ఏడుస్తున్నది ఎవరనుకున్నారో.

దీదీని తిట్టి లాభం లేదు, ఆమెకూ ఒళ్లు మండిపోతోంది.

ఇక వెంట తీసుకెళ్లిన పిల్లల సంగతి. వలస వెళ్లేవాళ్ల పేరు ఈ కేంద్రం నుంచి ఆ కేంద్రానికి మార్చుకునే వెసులుబాటు యాప్‌లో ఉందని ఢిల్లీవారు గొప్పగా చెప్పుకుంటారు. దిగబోయే ఊరి పేరు తెలియని తల్లి, ఆ ఊరి అంగన్‌వాడీ పేరు ముందుగా చెప్పి రైలెక్కాలి కాబోలు. తెలంగాణలో దిగాక అక్కడి టీచరుకు ఛత్తీస్‌గఢీ రాదు, ఈమెకు తెలుగు రాదు. ‘మీ పేర్లు బిలాస్‌పుర్‌లో ఉన్నాయి’ అనే జవాబు మాత్రం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఆధార్ చట్టం సెక్షన్ 9 ఏమంటోంది? ఆ నంబరు పౌరసత్వానికీ, స్థిర నివాసానికీ రుజువు కాదని. తిండి అడిగినప్పుడు మాత్రం అదే నంబరు పట్టుకుని ‘నీది ఈ ఊరు కాదు’ అనొచ్చు.

లండన్‌లో మన పిల్లలు వీసా మీద ఉంటే, ‘ప్రభుత్వ నిధులు ముట్టుకోరాదు’ అన్న షరతు వీసాలోనే ఉంటుంది. తల్లిదండ్రులిద్దరికీ అది ఉంటే వారానికి 30 గంటల ఉచిత శిశు సంరక్షణ పథకం దక్కదు. అన్యాయమని మన వాట్సాప్ గ్రూపులు గగ్గోలు పెడతాయి. అన్యాయమే. కానీ ఆ దేశం మొహం మీద చెప్పింది. మనం రాజ్యాంగంలో ఎక్కడైనా తిరగొచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు అని రాసుకుని, రాష్ట్రం దాటిన రెండేళ్ల పిల్లను పరాయిదాన్ని చేశాం. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చినవాళ్లే. పాసులూ, పెన్షన్లూ వచ్చాయి కాబట్టి ‘వలస’ అన్న మాట పక్కవాడికి అంటగట్టి కూర్చున్నాం.

వేళాకోళం ఇక చాలు. ఇది సిగ్గుచేటు. 2013 ఆహార భద్రత చట్టం ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి పిల్లకూ అంగన్‌వాడీ తిండి హక్కు అంది. అంతకుముందే, 2006 డిసెంబరు 13న, సుప్రీంకోర్టు ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న వాడ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ కేంద్రం పెట్టాలని ఆదేశించింది. బట్టీల దగ్గర ఆ లెక్కకు మించి పిల్లలున్న చోట్లు ఎన్ని లేవు? ఎవరడగాలి? అడ్వాన్సు తీరేదాకా గడప దాటలేని తల్లా? ఆమె అడిగి, వీళ్లు మూడు నెలలు ఆలోచించేసరికి జూన్ వచ్చి రైలెక్కేస్తుంది. కర్గీ రోడ్‌లో దిగేసరికి పిల్ల బరువు తగ్గి ఉంటుంది, మళ్లీ తూచి ట్రాకర్‌లో ఎర్ర రంగులో చూపిస్తారు. తూకం యంత్రానికి ఏ లోటూ లేదు.

బట్టీ యజమాని ఆలుమగల జోడీకి ఎన్ని వేల ఇటుకలు పడ్డాయో రోజూ రాసుకుంటాడు. తడి ఇటుకలు తిరగేసే పిల్లలు ఎందరో అతనికి ఏ యాప్ లేకుండానే తెలుసు. కలెక్టరు గారు ఒక జీపు పంపి ఆ పిల్లల లెక్క తీసుకుంటే సరిపోతుంది. నవంబరులో పంపండి. టీచరును ఎక్కించి, గుడ్ల ట్రే పెట్టి పంపండి. ముందు తినిపించండి, ముఖాలు ఆనక చూసుకోవచ్చు.